మూత పెట్టని గ్లాసు

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు మార్కాపురం శివార్లలోని ఒక పలకల ఫ్యాక్టరీని తనిఖీ చేసిన ఇన్‌స్పెక్టరుకు అక్కడ దుమ్ము కనబడలేదు.

ఆ సంగతి రాసుకుని, సంతకం చేసి, ఆమె కారెక్కి ఒంగోలు వెళ్ళిపోయింది. కారు గేటు దాటాక యూనియన్ కార్యదర్శి జిలాని షెడ్డు నడుమ నిలబడి చుట్టూ చూశాడు. నేల తడిసి ఉంది. మూలలు కూడా తడిసి ఉన్నాయి. రాయి కోసే మిషనును ఎవరో గుడ్డతో తుడిచారు. గుమ్మం ముందు ముగ్గు ఉంది. దుమ్ము నిజంగానే లేదు.

"ఎవురు ఊడ్చింది?" అన్నాడు.

ఆడవాళ్ళు పెట్టెల వైపు తిరిగి పలకలు సర్దసాగారు.

"ఓనరు ఊడిపించినాడా?"

"ఆయప్ప పొద్దున రానేలేదు," అంది దానమ్మ. "మేమే ఊడ్చినాం."

దానమ్మ పని, కోసిన పలకలను తుడిచి, పగుళ్ళు చూసి, చెక్కపెట్టెల్లో సర్దడం. ఆమె భర్త శ్యాంసన్ కోత మిషను నడుపుతాడు. పెళ్ళయినప్పటి నుంచి ఇద్దరూ ఈ షెడ్డులోనే ఉన్నారు. జిలాని కూడా ఒకప్పుడు ఇక్కడ రాయి చీల్చినవాడే. ఇప్పుడు ఆటో తోలుతూ యూనియన్ పని చూస్తున్నాడు. దానమ్మ అతని కంటే పెద్దది కనుక అక్కా అంటాడు, శ్యాంసన్‌ను బావా అంటాడు. కోపం వచ్చినప్పుడు కూడా ఆ వరుసలు తప్పడు.

"మేమే అంటే ఎవురక్కా?"

"నేను. ఇంక వీళ్ళు."

"వీళ్ళంటే?"

దానమ్మ షాహజాదీ వైపు చూడకూడదనుకుని పైకప్పు రేకుల వైపు చూసింది. షాహజాదీ జిలాని భార్య. దానమ్మ పక్కనే కూర్చుని పెట్టెలకు మేకులు కొడుతుంది.

"నీళ్ళు చల్లింది నేనే," అంది షాహజాదీ. "ముగ్గు మాత్రం వదిన వేసింది. నాకు ముగ్గు రాదు."

జిలాని కాసేపు భార్య వైపు చూశాడు. ఆ తర్వాత ఏ వైపు చూడాలో తెలియక మిషను వైపు చూశాడు.

"రెండేండ్లు," అన్నాడు. "రెండేండ్లు ఒంగోలు చుట్టూ తిరిగితే ఆమె వచ్చింది. దేనికి వచ్చింది? దుమ్ము చూసేదానికి. మీరేం చేసినారు? దుమ్ము ఎత్తి బయట పోసినారు."

"ఆఫీసరమ్మ వస్తా ఉంటే దుమ్ములో కూచోబెట్టమంటావా?" అంది దానమ్మ. "తయారుగా ఉండండి అని నువ్వే కదా చెప్పిపోయినావు."

చెప్పిన మాట నిజమే. ముందురోజు సాయంత్రం గేటు దగ్గర ఆటో ఆపి, రేపు మేడం వస్తుంది, అందరూ తయారుగా ఉండండి అని కేకేసి పోయాడు. అతని మనసులో ఉన్నది నినాదాలు. వాటిని రాత్రి కూర్చుని కొత్తగా కట్టాడు కూడా. తయారు కావడమంటే ఆడవాళ్ళకు తెలిసింది మాత్రం ఒకటే. మనిషి వస్తున్నారంటే ముందు చేతిలోకి చీపురు వస్తుంది. దాన్ని గురించి వాళ్ళు మాట్లాడుకోలేదు, తీర్మానం చేసుకోలేదు. మామూలు కంటే ముందే వచ్చి, మగవాళ్ళను బయట నిలబెట్టి, షెడ్డంతా నీళ్ళు చల్లి ఊడ్చారు.

"పోనీ, మిషను ఎందుకు ఆగింది?" అన్నాడు జిలాని. "ఆమె ఉన్నంతసేపూ మిషను ఆగే ఉంది. మిషను తిరిగింటే కొత్త దుమ్మన్నా లేసేది."

శ్యాంసన్ దగ్గి, గొంతు సర్దుకున్నాడు. "ఆమె మాట్లాడతా ఉంటే మిషను చప్పుడేందని నేనే ఆపినా."

"నువ్వు కూడానా బావా?"

"పెద్దామె కదప్పా. వినపడొద్దూ?"

జిలాని ఆటో దగ్గరికి నడిచాడు. గుమ్మం దాటేటప్పుడు ముగ్గు తొక్కకుండా పక్కకు అడుగు వేయడం దానమ్మ చూసింది.

యూనియన్ అడుగుతున్నది ఒక ఫ్యాను. గాలి విసిరే ఫ్యాను కాదు. కోత మిషను పక్కన బిగిస్తే రాయి కోసేటప్పుడు లేచే దుమ్మును గొట్టంలోకి లాగి బయట నీళ్ళ తొట్టిలో దించేది. ఓనరు బాలకృష్ణను ఎప్పుడు అడిగినా చూద్దాం అనేవాడు. అతను చెడ్డవాడని షెడ్డులో ఎవరూ అనరు. పండక్కి బట్టలు పెడతాడు. పెళ్ళిళ్ళకు వస్తాడు. కాకపోతే మిషను తిరిగేటప్పుడు షెడ్డులోకి రాడు. గేటు పక్కన ఆఫీసు గదిలో తలుపు మూసుకుని కూర్చుంటాడు.

ఫ్యాను కంటే ముందు యూనియన్ ఈఎస్ఐ కార్డులు అడిగింది. గేటు ముందు కూర్చుని సాధించింది. ఆ కార్డు పట్టుకునే శ్యాంసన్ దగ్గు చూపించుకోవడానికి డాక్టరు దగ్గరికి పోయాడు, దానమ్మ వెంట పోయింది. డాక్టరు ఎక్సరే తీయించి, దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"మందులిస్తాను," అన్నాడు. "నేను మందు వేస్తూ, నువ్వు రాతిపొడి పీలుస్తూ ఉంటే లాభం లేదు. ఆ మిషను దగ్గర దుమ్ము లాగే ఏర్పాటు ఉండాలి. లేదంటే నువ్వు ఆ మిషను వదిలిపెట్టాలి."

శ్యాంసన్ వదిలిపెట్టలేదు. రాయి కోయడం తప్ప అతనికి వేరే పని రాదు. వచ్చినా చేస్తాడని దానమ్మకు నమ్మకం లేదు. బండను చేత్తో తట్టి చప్పుడు విని, ఇది పలక అవుతుంది, ఇది ముక్కలవుతుంది అని చెప్పడం అతనికి సరదా. ఏడాదిగా అతను గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడు. పడుకుంటే ఊపిరి ఆడదు.

కాబట్టి ఫ్యాను రావాలి. అది వచ్చే దారికి అడ్డంగా ముగ్గు వేసింది తనేనని మంగళవారం సాయంత్రం అన్నం వండుతూ దానమ్మ అనుకుంది. ఆ మాటే బయటికి అంది.

"ఊడ్చినందుకు ఏం కాదులే," అన్నాడు శ్యాంసన్. "ఊడ్చింటే ఊడ్చినారులే అనుకునేది. ముగ్గు చూసినాక అనుమానమే పడలేదు ఆమె. రోజూ ఇట్లనే ఉంటుందనుకునింది."

"నువ్వు మిషను ఆపకపోయింటే?"

"అది మర్యాద."

"ముగ్గు మర్యాద కాదా?"

"నాది చిన్న మర్యాద," అని శ్యాంసన్ నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగేదాకా దానమ్మ గరిటె పట్టుకుని నిలబడింది.

ఆ రోజు తను చేసిన మర్యాద ఇంకొకటి ఉంది. మేడం గారికి నీళ్ళు ఇచ్చింది. ఈ షెడ్డులో నీళ్ళ గ్లాసు మూత లేకుండా ఉండదు. కోతలో అంచు విరిగిన పలక ముక్కల్లోంచి తలా ఒకటి ఏరుకుని గ్లాసు మీద మూతగా పెట్టుకుంటారు. తాగినప్పుడు తీస్తారు, గుటక దిగేలోపే పెడతారు. ఎవరి మూత వాళ్ళకు గుర్తు. శ్యాంసన్ మూతకు ఒక మూల లేదు. మేడం కోసం దానమ్మ అంచు విరగని కొత్త పలక ఒకటి కడిగి, తుడిచి, గ్లాసు మీద పెట్టి ఇచ్చింది. మేడం మూత ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసి, బాగుందే అని నవ్వింది. దానమ్మకు సంతోషమైంది. ఇప్పుడు ఆ సంతోషాన్ని తలచుకుంటే సిగ్గేసింది.

బుధవారం జిలాని ఒంగోలు పోయి వచ్చాడు. ఇన్‌స్పెక్టరు పేరు శ్రీదేవి. ఆమె కోప్పడలేదని, తను చెప్పింది మొత్తం విన్నదని చెప్పాడు.

"ఏం చెప్పినావు?" అంది దానమ్మ.

"మావాళ్ళు మీరొస్తారని ఊడ్చినారు మేడం అని చెప్పినా."

"ఏమనింది?"

"ముందు నమ్మలేదు. నా భార్య కూడా ఊడ్చింది మేడం అన్నా. అప్పుడు నమ్మింది."

వచ్చే వారం శుక్రవారం మళ్ళీ వస్తానని ఆమె మాట ఇచ్చింది. ఈసారి మిషను తిరుగుతుండగా చూస్తుంది. ఈసారి కూడా దుమ్ము లేదంటే ఫిర్యాదు మూసేస్తుంది. ఓనరుకు కూడా ముందుగా కబురు పంపాలని నిబంధన ఉంది కాబట్టి పంపుతుంది.

ఆ సాయంత్రం యూనియన్ సమావేశం జరిగింది. యూనియన్ ఆఫీసంటే సైకిల్ దుకాణం మీద ఒక గది. మామూలుగా అక్కడి తీర్మానాలు పొడుగ్గా ఉంటాయి. ఖండిస్తున్నాము అని మొదలై డిమాండ్ చేస్తున్నాము అని ముగిసేసరికి వెనక కూర్చున్నవాళ్ళు కునుకు తీసి లేస్తారు. ఈసారి తీర్మానం ఒక్క వాక్యం. వచ్చే శుక్రవారం దాకా షెడ్డులో ఎవరూ చీపురు పట్టరాదు.

"ఇంటి కాడ పట్టొచ్చునా?" అంది దానమ్మ.

అందరూ నవ్వారు. జిలాని నవ్వలేదు.

"నవ్వండక్కా. నేను నవ్వినానంటే మీరు రేపు పొద్దున్నే మళ్ళీ ఊడుస్తారు."

"మేం ఊడ్వంలే."

"మాట మీద నమ్మకం లేదు," అని జిలాని షెడ్డులోని చీపుర్లన్నీ ఆటోలో వేసుకొచ్చి యూనియన్ గదిలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి ఎక్కడ పెట్టాడో షాహజాదీకి చెప్పలేదు.

"ఇంట్లో నా చీపురు కూడా పట్టుకపోయినాడు వదినా," అని మర్నాడు షాహజాదీ చెప్పింది. "దీన్ని నువ్వు షెడ్డుకు తీసుకపోవని గ్యారంటీ ఏంది అన్నాడు. ఇప్పుడు ఇల్లు ఎవురు ఊడ్చాలా? సెక్రటరీయే ఊడ్చాలా."

"ఊడ్చినాడా?"

"దేంతో ఊడుస్తాడు? దాన్నీ గదిలో పెట్టేసినాడు కదా."

యూనియన్ గదిలో చీపుర్లున్న సంగతి అదే రోజు బాలకృష్ణకు తెలిసింది. టీ కొట్టు దగ్గర జిలాని ఎదురుపడితే అడిగాడు.

"ఏం జిలానీ, చీపుర్ల వ్యాపారం పెట్టినావంట?"

"లేదు సార్. చీపుర్లకు సెలవిచ్చినాం."

"మంచిది. జీతంతోనేనా?" అన్నాడు బాలకృష్ణ. టీకి ఇద్దరి తరఫునా తనే ఇచ్చి వెళ్ళాడు.

ఆ వారం దానమ్మకు గడవడం కష్టమైంది. మొదటి రోజు నేల మీద పొడి అడుగుజాడలు పడేంత ఉంది. రెండు రోజులకు ఎవరు ఎటు నడిచారో చూసి చెప్పవచ్చు. కూర్చునే ముందు కొంగుతో నేల తుడవబోయి, తుడవడం కూడా తీర్మానంలోకి వస్తుందేమోనని ఆగేది. పని మధ్యలో కుడిచెయ్యి చీపురు ఉండే మూల వైపు పోయేది. అక్కడ చీపురు లేదు. షాహజాదీ అది చూసి కొంగులో నవ్వుకునేది.

"నవ్వుతావేంది? నీ చెయ్యి పోవట్లా?"

"నా చెయ్యి పోకుండా సుత్తి పట్టుకోనుండా వదినా."

రోజూ సాయంత్రం జిలాని వచ్చి, వాన పడ్డాక రైతు చేను చూసుకున్నట్టు నేలంతా చూసుకుని, బాగుంది బాగుంది అని పోయేవాడు. గురువారం అయితే చెప్పులు విప్పి దుమ్ములో పాదం పెట్టి, జాడ ఎంత లోతు దిగిందో చూసుకున్నాడు. రేపు మేడం ముందు మాట్లాడవలసినవి ఆటోలో వచ్చేటప్పుడు వల్లె వేసుకుంటున్నాడని, సిగ్నలు దగ్గర ఎవరో ప్యాసింజరు భయపడి దిగిపోయాడని షాహజాదీ చెప్పింది.

శుక్రవారం పొద్దున పనికి వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర ఆగిపోయారు. షెడ్డు నేల కడిగి ఉంది. రేకుల కింద బూజు లేదు. గోడలకు సున్నం కొట్టి ఉంది. రాత్రి ఓనరు ట్యాంకరుతో నీళ్ళు తెప్పించి, బయటి మనుషులను పెట్టి చేయించాడని వాచ్‌మన్ చెప్పాడు.

దానమ్మకు మొదట ప్రాణం లేచి వచ్చింది. హమ్మయ్య అని కూడా అంది. అన్న తర్వాత గుర్తొచ్చింది.

గుమ్మం ముందు ముగ్గు కూడా ఉంది. వేసినవాళ్ళకు చుక్కలు సరిగా కుదరలేదు. ఒక గీత పక్కకు పోయింది.

జిలాని ఆటో దిగి వచ్చి చూశాడు. గోడకు వేలు రాసి, అంటిన సున్నం చూసుకున్నాడు.

"వారం రోజుల దుమ్మక్కా," అన్నాడు.

"తెలుసులే నాయనా."

"గోడలకు సున్నం కూడా."

"పండక్కి కూడా కొట్టియ్యలేదు ఎప్పుడూ," అంది షాహజాదీ. "మేడం నెలనెలా వస్తే బాగుండు."

శ్యాంసన్ మిషను దగ్గరికి పోయి రోజూలాగే బండ మీద చెయ్యి వేసి తట్టాడు. దానమ్మ మామూలు ప్రకారం కుండలో నీళ్ళు నింపి, అందరి గ్లాసులూ గోడ పక్కన వరుసగా పెట్టి, ఎవరి మూత వాళ్ళ గ్లాసు మీద పెట్టింది. రాత్రి కడిగినవాళ్ళు మూతలను పారెయ్యలేదు. వాటిని కూడా శుభ్రంగా కడిగి ఒకదాని మీద ఒకటి పేర్చి పోయారు.

శ్రీదేవి చెప్పిన వేళకు వచ్చింది. బాలకృష్ణ గేటు దాకా ఎదురుపోయి తీసుకొచ్చాడు. బల్లా కుర్చీలూ తలుపు దగ్గర, గాలి వచ్చే చోట వేయించాడు. మిషను తిప్పమని ఆమె అడగకముందే తిప్పమన్నాడు. శ్యాంసన్ బండను ఎక్కించి మీట నొక్కాడు.

దానమ్మ గాలి వైపు చూసింది. దుమ్ము లేస్తున్నది ఆమెకు తెలుసు. ఆమె నాలుకకు తెలుసు, పళ్ళకు తెలుసు. కంటికి మాత్రం సరిగా ఆనడం లేదు. తలుపులన్నీ తీసి ఉన్నాయి. నేల మీద కిందటి రోజు పొడి లేదు. ఊడ్చిన షెడ్డులో మొదటి గంట దుమ్ము ఎప్పుడూ అట్లాగే ఉంటుంది. మధ్యాహ్నానికి చూడాలి. మేడం మధ్యాహ్నం దాకా ఉండదు.

శ్రీదేవి షెడ్డు చుట్టి వచ్చింది. మిషను దగ్గర నిలబడింది. రుమాలు ముక్కుకు పెట్టుకుని తీసింది. నేల వైపు, గోడల వైపు చూసింది. వచ్చి కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచింది.

"మీరే చూస్తున్నారుగా మేడం," అన్నాడు బాలకృష్ణ. "మా దగ్గర ఎప్పుడూ ఇంతే. దానమ్మా, మేడం గారికి నీళ్ళు."

దానమ్మ గ్లాసు కడిగి కుండలోంచి నీళ్ళు ముంచింది. కిందటిసారి పెట్టిన అంచు విరగని పలకే తీసి, తుడిచి, గ్లాసు మీద పెట్టి నడిచింది. ఇవన్నీ ఆమె చేతులు చేశాయి. నాలుగడుగులు వేశాక ఆగింది.

షాహజాదీ సుత్తి ఎత్తి, మేకు మీద కొట్టకుండా ఆమె వైపు చూసింది.

దానమ్మ మూత తీసింది. దాన్ని కొంగు చాటున పెట్టుకుంది. మూత లేని గ్లాసు తీసుకుపోయి బల్ల మీద, మేడం కుడిచేతి పక్కన పెట్టింది. ఇంటికి వచ్చిన మనిషికి ఆమె ఇంతవరకు అట్లా నీళ్ళు ఇవ్వలేదు. వెనక్కి నడిచి గోడ పక్కన నిలబడింది.

మేడం గ్లాసు ముట్టలేదు. రాసుకుంటున్నది. ఆమె వెంటనే తాగి ఉంటే దానమ్మ చేసిన పని అక్కడితో చెడిపోయేది. అడ్డుపడినవాడు బాలకృష్ణ.

"మా నాయన ఒక్క సుత్తితో వచ్చినాడు మేడం యర్రగొండపాలెం నుంచి," అని మొదలుపెట్టాడు.

షెడ్డులో ఉన్నవాళ్ళందరికీ ఆ కథ వచ్చు. సుత్తి దగ్గర మొదలవుతుంది. మొదటి గని, మొదటి లారీ, మొదటి పలక మీదుగా పోతుంది. బడి పిల్లలు పలకలు మానేసిన కాలం దగ్గర కొంచెం దిగులు పడుతుంది. ఇంటి కప్పులకూ గోడలకూ పలకరాయి విదేశాలకు ఓడ ఎక్కిన రోజు దగ్గర మళ్ళీ లేస్తుంది. వినేవాళ్ళు కూర్చుని ఉంటే బాలకృష్ణ తొందరపడడు. మేడం కూర్చునే ఉంది. పెన్ను పక్కన పెట్టి మర్యాదగా తల ఊపుతున్నది.

మిషను తిరుగుతూనే ఉంది. బాలకృష్ణ లారీ దగ్గరికి వచ్చాడు. దానమ్మ గ్లాసు మీద నుంచి చూపు తిప్పలేదు. పలకలు మానేసిన కాలం దగ్గరికి వచ్చాడు. కిందటి నెల ఇదే కథ మధ్యలో దానమ్మ లేచి పోయింది. ఈసారి ఇంకొంచెం సేపు చెప్తే బాగుండునని మనసులో అనుకుంది. అతను కంటైనరు తాళం వేసి, పలకరాయిని ఓడ ఎక్కించి, నవ్వి ఆగాడు.

శ్రీదేవి గ్లాసు అందుకుని పెదవుల దాకా తీసుకుపోయి ఆపింది. గ్లాసును వెలుతురు వైపు వంచింది. నీళ్ళ మీద బూడిద రంగు పొర ఉంది. వంచినప్పుడు పొర ఒక పక్కకు ముడత పడింది.

"ఇదేంటమ్మా?"

"నీళ్ళు మేడం."

"నీళ్ళ మీద?"

"దుమ్ము మేడం."

"గ్లాసు కడగలేదా దానమ్మా?" అన్నాడు బాలకృష్ణ.

"కడిగినా సార్."

"మొన్న మూత పెట్టి ఇచ్చావు కదా," అంది శ్రీదేవి. "పలక మూత. ఇవాళ లేదా?"

దానమ్మ కొంగు చాటు నుంచి మూత తీసి చూపించింది.

"ఉంది మేడం. పెట్టలేదు."

"ఎందుకు?"

తలుపు దగ్గర జిలాని గొంతు సర్దుకుని అడుగు ముందుకు వేశాడు. వారం నుంచి వల్లె వేసిన ఉపన్యాసం నోటి దాకా వచ్చింది. షాహజాదీ లేచి వచ్చి అతని చొక్కా వెనక నుంచి పట్టుకుని ఆపింది.

"మేం రోజూ మూత పెట్టుకునే తాగుతాం మేడం," అంది దానమ్మ. "మీకు కూడా అట్లనే ఇస్తే ఈ నీళ్ళు మీకు ఎట్ల తెలుస్తాయి అని పెట్టలేదు. తప్పైతే ఏమనుకోవద్దు. ఇప్పుడు వేరే నీళ్ళిస్తా, మూత పెట్టి."

శ్రీదేవి లేచింది. గోడ పక్కన వరుసగా ఉన్న గ్లాసుల దగ్గరికి నడిచింది. రాత్రి కడిగిన మూతలవి. ఒక దాని మీద వేలితో గీసింది. గీత పడింది. ఆ గ్లాసు మూతకు ఒక మూల లేదు.

"ఇది ఎవరిది?"

"నాది మేడం," అన్నాడు శ్యాంసన్. ఈసారి మిషను ఆపలేదు. గొంతు పెంచి చెప్పాడు. "గ్లాసుకైతే మూత ఉంది మేడం."

ఇంకేదో చెప్పబోయాడు. దగ్గు వచ్చింది. దగ్గు ఆగేదాకా శ్రీదేవి అతని ఎదురుగా నిలబడింది. ఆ తర్వాత ఎన్నేళ్ళుగా అని అడిగింది. డాక్టరు దగ్గరికి పోయావా అని అడిగింది. దానమ్మ ఈఎస్ఐ కార్డూ ఎక్సరే కవరూ సంచిలోంచి తీసుకొచ్చింది. అవి ఆ సంచిలో ఏడాదిగా ఉన్నాయి.

శ్రీదేవి ఫైలులో ముందు రాసిన నాలుగు వరుసలు కొట్టేసింది. కొత్తగా రాయడానికి చాలాసేపు పట్టింది. బాలకృష్ణ సంతకం చేసేముందు మొత్తం చదివాడు.

"ఫ్యాను సంగతి చూద్దాం మేడం," అన్నాడు.

"నెలలోపు," అంది శ్రీదేవి.

పోయేముందు నీళ్ళు అడిగింది. దానమ్మ కొత్తగా ముంచి, మూత పెట్టి ఇచ్చింది. మేడం మూత తీసి, తాగి, మళ్ళీ మూత పెట్టి ఇచ్చింది.

కారు పోయాక బాలకృష్ణ గుమ్మంలో నిలబడ్డాడు.

"వచ్చిన మనిషికి దుమ్ము నీళ్ళిస్తావా దానమ్మా?"

"నువ్వే ఇయ్యమన్నావు సార్."

"మూత పెట్టి ఇయ్యొచ్చు కదా."

"ఫ్యాను పెట్టినాక పెడతాలే సార్."

బాలకృష్ణకు నవ్వు వచ్చిందో కోపం వచ్చిందో ఆ దూరం నుంచి తెలియలేదు. ఆఫీసు గదిలోకి పోయి తలుపు మూసుకున్నాడు.

జిలాని మిషను దగ్గరికి వచ్చాడు.

"బావా, గ్లాసుకైతే మూత ఉంది అని ఆగిపోయినావేంది? ముక్కుకు మూత లేదు అని అనింటే ఎంత బాగుండేది! బ్యానరు మీద రాసుకునేటోళ్ళం."

"నీకు మిగిల్చినాలే," అన్నాడు శ్యాంసన్. "నువ్వు కూడా ఏదో ఒకటి మాట్లాడాలా కదా."

"నన్ను ఎక్కడ మాట్లాడనిచ్చినారు?" అని జిలాని భార్య వైపు తిరిగాడు. "చొక్కా గుండీ తెగిపోయింది చూడు."

"ఇంటికి పోయినాక కుడతా," అంది షాహజాదీ. "ముందు నా చీపురు నాకియ్యి."

ఫ్యాను ఆ నెలలో రాలేదు. గొట్టం కొలతలు సరిపోలేదని ఒకసారి, మెకానిక్ ఊళ్ళో లేడని ఒకసారి ఆగింది. జిలాని మళ్ళీ ఒంగోలు పోయి వచ్చాడు. నోటీసు వచ్చింది. తర్వాతి నెల రెండో సోమవారం మెకానిక్ వచ్చి, మిషను పక్కన ఫ్యాను బిగించి, గొట్టాన్ని గోడలోంచి బయటికి తీసి నీళ్ళ తొట్టిలోకి వంచాడు.

బాలకృష్ణ కొబ్బరికాయ కొట్టాడు. తన తండ్రి ఒక్క సుత్తితో వచ్చాడని మెకానిక్‌కు చెప్పాడు. జిలాని నాలుగు మాటలు మాట్లాడతానని లేచి, శ్యాంసన్ సగంలో ఆపిన గ్లాసు మూత మాటను తన మాటగా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. శ్యాంసన్ అందరికంటే ఎక్కువ కొట్టాడు. చీపుర్లు అన్నీ తిరిగి వచ్చాయి, ఒకటి తప్ప. యూనియన్ గదికి కూడా ఒకటి ఉండాలని జిలాని ఉంచేసుకున్నాడు. అది షాహజాదీదేనని మర్నాడు తేలింది.

ఆ రోజు మధ్యాహ్నం దానమ్మ శ్యాంసన్ గ్లాసులో నీళ్ళు పోసి, మూత పెట్టకుండా మిషను పక్కన దిమ్మె మీద పెట్టింది. ఫ్యాను తిరుగుతున్నది. శ్యాంసన్ వరుసగా బండలు కోశాడు. సాయంత్రం మిషను ఆపాక ఇద్దరూ గ్లాసులోకి వంగి చూశారు. అంచుల దగ్గర రెండు మూడు నలకలు ఉన్నాయి. పొర లేదు.

శ్యాంసన్ నలకలు వేలితో తీసి నీళ్ళు తాగాడు. దానమ్మ ఖాళీ గ్లాసు కడిగి, మూల లేని మూత పెట్టి, గోడ పక్కన వరుసలో ఉంచింది.